మూటలో యువరాజు, తెగ్గొట్టిన ఆనకట్ట

స్పేస్ సినిమాల్లో ఒక ఫార్ములా ఉంటుంది కదా. కూలిపోతున్న సామ్రాజ్యం, తిరుగుబాటు, దాచిపెట్టిన వారసుడు, మధ్యలో ఎప్పటివాళ్లో వదిలిపోయిన టెక్నాలజీ. ఇవన్నీ మా పక్క రాజుల కథలోనే ఉన్నాయప్పా.

మాది ముదిగుబ్బ. మా జిల్లాలోదే పెనుకొండ కోట. 1565లో హంపీ పోయాక విజయనగర రాజధాని అక్కడికొచ్చింది, తర్వాత చంద్రగిరికి, వేలూరుకి జరిగింది. 1614లో వెంకటపతి దేవరాయలు చనిపోతూ అన్న కొడుకు శ్రీరంగరాయలికి రాజ్యం అప్పజెప్పాడు. రాణి పుట్టింటి మనిషి గొబ్బూరి జగ్గరాయుడు ఒప్పుకోలేదు. రాణి కొడుకని చెప్పుకునే పిల్లాడిని గద్దె ఎక్కించి, కొత్త రాజుని కుటుంబంతో సహా ఖైదు చేశాడు.

ఎదురు తిరిగినవాడు వెలుగోటి యాచమ నాయకుడు. బరడాస్ అనే పోర్చుగీసు పాదిరీ 1616లో రాసిన లేఖలో ఉంది చూడండి: యాచముడు ఒక చాకలాయన సాయంతో రాజు రెండో కొడుకుని బట్టల మూటలో పెట్టి కోట దాటించాడు. పిల్లాడికి పన్నెండేళ్లు. మిగతా కుటుంబం ఖైదులోనే ప్రాణాలు పోగొట్టుకుంది. ఆ చాకలాయన పేరు మాత్రం పాదిరీ రాయలేదు. నాకు అదే బాధ.

ఇక యుద్ధం. తిరుచిరాపల్లి దగ్గర తోపూరు. జగ్గరాయుడి వైపు మధురై, జింజి నాయకులు. యాచముడి వైపు తంజావూరు రఘునాథ నాయకుడు. తమిళ నేల మీద కొట్టుకుంటున్నది ఎక్కువగా తెలుగు దొరలే. పది లక్షల సైన్యం అంటాడు బరడాస్. అంతమందికి అన్నం ఎవరు వండారో!

తంజావూరు ఆస్థాన కావ్యాల ప్రకారం, జగ్గరాయుడి పక్షం కావేరి ఆనకట్టని తెగ్గొట్టింది. కరికాల చోళుడు కట్టించాడని పేరున్న కల్లణై అది. అప్పటికే వెయ్యేళ్లు దాటిన కట్టడం. కుర్చీ కోసం ఇద్దరు కొట్టుకుంటూ ప్రొడక్షన్ సర్వర్ పీకేసినట్టు. పోయేది రాజు నీళ్లు కాదు, కింద వరి మడులేసుకున్న రైతువి. ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని లైన్లో నిలబడిన మా ఊరోళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

జగ్గరాయుడు ఆ యుద్ధంలోనే చచ్చాడు. మూటలో పిల్లాడు రామదేవరాయలై 1632 దాకా ఏలాడు.

మరి ఆ టెక్నాలజీ ఏంటి? అడుగు దొరకని ఇసుక మీద పెద్ద బండలు వెయ్యడం. నీళ్లు కింద ఇసుకని కోస్తాయి, బండ దిగుతుంది. దాని మీద ఇంకో బండ. గట్టి నేల తగిలేదాకా ఇంతే. ఇసుకలో పునాది వెయ్యడం ఆ పాత మేస్త్రీల పని చూసే నేర్చుకున్నామని ఆర్థర్ కాటన్ తర్వాత ఒప్పుకున్నాడు. ఆ పాఠంతోనే గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు, 1852కి అయిపోయింది.