లెక్కలో లేని మా బాబాయి

ఈ వారం జనాభా లెక్కల గురించి నాలుగు మాటలు చెబుతాను. వారమంతా కంప్యూటర్లో డేటా చూసేవాడు ఆదివారం కూడా అంకెలే చెబుతాడా అని విసుక్కోకండి. ఇందులో మా ఇంటి కథ కూడా ఉంది.

2001 ఫిబ్రవరిలో జనాభా లెక్కలు రాయడానికి బడిపంతులుగారు మా ఇంటికి వచ్చారు. అప్పుడు నాకు పదేళ్ళు. ఇంట్లో వికలాంగులెవరైనా ఉన్నారా అని ఆయన అడిగితే, "అబ్బే, అలాంటివాళ్ళెవరూ లేరండీ" అన్నారు తాతయ్య. పోలియోతో ఒక కాలు చచ్చుబడిన మా బాబాయి అరుగుమీదే కూర్చుని ఉన్నాడు. తాతయ్య అబద్ధాలాడే మనిషి కాదు. కానీ అప్పుడే మా చిన్నత్తకి సంబంధాలు చూస్తున్నారు!

తాతయ్యనొక్కణ్ణే అని లాభం లేదు. ఈ ప్రశ్న విషయంలో ప్రభుత్వాలూ అలాగే ఉన్నాయి. బ్రిటిష్‌వాళ్ళు 1931 దాకా గుడ్డి, మూగ-చెవుడు, పిచ్చి, కుష్ఠు అంటూ లెక్క రాశారు. 1941లో ఆ ప్రశ్న తీసేశారు. స్వతంత్రం వచ్చాక మూడు జనగణనల్లోనూ అది లేదు. అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరమైన 1981లో మళ్ళీ అడిగారు గానీ, "పూర్తిగా" చూపు లేనివారు, "పూర్తిగా" మూగవారు, "పూర్తిగా" అవిటివారు ఉన్నారా అని అడిగారు. దేశం మొత్తం మీద తేలింది సుమారు 11 లక్షల మంది. 1991లో ప్రశ్న మళ్ళీ మాయం. వికలాంగుల సంఘాలు గట్టిగా పోరాడితే 2001లో తిరిగొచ్చింది. ఈసారి అయిదు రకాలుగా అడిగారు. లెక్క 2 కోట్ల 19 లక్షలకు చేరింది!

ఇక మన రాష్ట్రం సంగతి. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 13 లక్షల 65 వేల మంది వికలాంగులని తేలింది. అంటే వెయ్యిమందిలో 18 మంది. 2011లో ఎనిమిది రకాలుగా అడిగితే 22 లక్షల 66 వేలయ్యారు, వెయ్యికి 27 మంది. అదే పదేళ్ళలో పక్కనున్న తమిళనాడులో 16 లక్షల నుంచి 12 లక్షలకు తగ్గారు. ఇక్కడ పెరిగి అక్కడ తగ్గేంతగా మనుషుల ఆరోగ్యం పదేళ్ళలో మారదు కదా. ఏమి అడిగారు, ఎలా అడిగారు, ఇంటివాళ్ళు ఏమి చెప్పారు అన్నదాన్నిబట్టే అంకె మారుతుంది.

మనముండే అమెరికానే చూడండి. ఇక్కడ సెన్సస్ బ్యూరో ఏటా చేసే సర్వేలో 2008 నుంచి ఆరు ప్రశ్నలు అడుగుతున్నారు. మీరు వికలాంగులా అని అడగరు. మెట్లెక్కడం కష్టమా, కళ్ళజోడు పెట్టుకున్నా చూపు ఆనదా, స్నానానికి, బట్టలు వేసుకోవడానికి ఇబ్బందా, ఇలా అడుగుతారు. నూటికి సుమారు 13 మంది తేలుతున్నారు. ముసలివాళ్ళు ఎక్కువ కావడం ఒక కారణమే గానీ, అసలు తేడా ప్రశ్నలో ఉంది. "మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేను" అని చెప్పడానికి మన అమ్మమ్మలెవరూ సిగ్గుపడరు మరి!

దాచిపెట్టడంవల్ల నష్టమేమిటంటారా? 1995 చట్టం ప్రభుత్వోద్యోగాల్లో వికలాంగులకు 3 శాతం కేటాయించింది. జనాభా లెక్కలో చెప్పినంతమాత్రాన సర్టిఫికెట్ రాదనుకోండి. కానీ పంతులుగారి దగ్గర దాచినవాళ్ళు డాక్టరు దగ్గరికి మాత్రం తీసుకెళతారా? మా బాబాయి డిగ్రీ పాసయ్యాడు. అయినా ఆ కోటాలో ఒక్క దరఖాస్తూ పెట్టలేదు.

2011లో మళ్ళీ లెక్కలు రాయడానికి వచ్చినప్పుడు తాతయ్య లేరు. కర్ర పట్టుకుని బాబాయే గుమ్మం దాకా వెళ్ళి, "నేనున్నాను, రాసుకోండి" అన్నాడట. ఆ 22 లక్షల 66 వేలలో ఒకడు మా బాబాయి.

2021లో జరగవలసిన జనగణన కరోనాతో ఆగిపోయింది. 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తామని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మానాన్నలకు ఒక్కమాట చెప్పండి, ఇంట్లో ఎవరినీ దాచవద్దని.