చెవిలో పాచి

కూచిపూడిలో నా చిన్నతనం సగం కుడిచెవిలో దూదితోనే గడిచింది. జలుబు చేస్తే చాలు చెవిపోటు, ఆపైన చీము. బందరు తీసుకెళ్తే డాక్టరుగారు అమాక్సిసిలిన్ సిరప్ రాసేవారు. వారంలో తగ్గేది, నెల తిరక్కుండా మళ్ళీ మొదలు. మామ్మ మాత్రం తేల్చేసింది: "పిల్లోణ్ణి కాలవలో దూకనిస్తే చీము కారక తేనె కారుద్దా?" పాపం అమ్మ ఆ మాట ఏళ్ళతరబడి పడింది.

2006లో, అంటే నేనింకా ప్రైమరీ స్కూల్లో ఉన్నప్పుడే, అమెరికా వైద్య పత్రిక 'జామా'లో ఒక పేపరొచ్చింది. పదేపదే చెవిబాధతో ట్యూబులు వేయించుకుంటున్న 26 మంది పిల్లల మధ్యచెవి పొరని మైక్రోస్కోపుతో చూశారు. 50 ముక్కల్లో 46 వాటిమీద బయోఫిల్మ్ ఉంది.

బయోఫిల్మ్ అంటే మరేం కాదు, పాచి. రేవు మెట్లమీద పట్టేదీ, పళ్ళమీద పట్టేదీ అదే. బాక్టీరియా ఒక జిగురు అల్లుకుని అందులో కాపురం పెడతాయి. మందు అడుగుదాకా సరిగా దిగదు. దిగినా, పెరుగుతున్న బాక్టీరియాని చంపే మందుకి అక్కడ బద్ధకంగా పడున్నవి చిక్కవు. 1680ల్లోనే హాలెండులో లీవెన్‌హుక్ పళ్ళపాచిమీద వెనిగర్ ప్రయోగించి, పైపైనున్న జీవులే చచ్చాయని గమనించాడు. మనవాళ్ళు దాన్ని పట్టించుకోడానికి మూడొందల ఏళ్ళు పట్టింది.

మరి పాచిని చంపేదేది? వెలుతురు!

ఇదీ పాత కథే. మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే స్టూడెంటు, అక్రిడీన్ రంగు కలిపిన నీళ్ళలో పారమీషియంలు ఒకరోజు త్వరగా, ఒకరోజు నెమ్మదిగా చావడం చూసి బుర్ర గోక్కున్నాడు. తేడా రంగులో లేదు, ఆరోజు గదిలో ఉన్న వెలుతురులో ఉంది. 1900లో అచ్చేశాడు. (బొల్లికి బావంచాలు రాసి ఎండలో కూచోబెట్టే మన పాత వైద్యం కూడా రంగూ వెలుతురూ కలిపే లెక్కే, కాకపోతే అది క్రిముల కోసం కాదు.)

తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చేశాయి. 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. కనిపెట్టింది డగ్గర్, ఆ లెడర్లీ పరిశోధనకి పెద్ద మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు. మాత్ర మింగితే పోయేదానికి దీపమెవడు పట్టుకుంటాడు?

ఇప్పుడు మాత్రలకి లొంగనివి పెరిగాక దీపం మళ్ళీ గుర్తొచ్చింది. మిథిలీన్ బ్లూ లాంటి రంగు పూసి ఎర్రకాంతి వేస్తే, ఆ రంగు పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది. అది క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవదుగానీ, ఆలోపే బాక్టీరియా గోడనీ, జిగురునీ కాల్చేస్తుంది. యాంటీబయాటిక్ ఒక ఫంక్షన్‌ని పట్టుకుంటుంది, బాక్టీరియా దానికో ప్యాచ్ రాసుకుంటుంది. ఇక్కడ అన్నిచోట్లా ఒకేసారి కాలితే ప్యాచ్ ఎక్కడని వేస్తుంది? వాంకూవర్‌లో ఆపరేషన్‌కి ముందు రోగుల ముక్కుల్లో దీన్ని వాడారు, పంటి డాక్టర్లూ వాడుతున్నారు. చెవికి మాత్రం ల్యాబుల్లో, జంతువులమీదే ఎక్కువ పని జరిగింది. కర్ణభేరి దాటి రంగూ కాంతీ లోపలికి పంపాలి, వినికిడి నరానికి దెబ్బ తగలకూడదు. అంత తేలిక కాదు.

మొన్న ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పాను. కర్ణభేరికి చిల్లుంటే కాలవనీళ్ళు చెడే చేస్తాయి కాబట్టి మామ్మది పూర్తిగా తప్పు కాదనీ, కానీ మళ్ళీ మళ్ళీ రావడం మాత్రం లోపలి పాచి వల్లే అయ్యుంటుందనీ. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"ఆ ముక్క అప్పుడు మీ మామ్మకి చెప్పేవాళ్ళుంటే బాగుండేదిరా" అంది.