చంద్రగిరి కోట

తిరుపతికి పడమరగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి నదికి చేరువలో, నిట్టనిలువు రాతికొండను ఆనుకుని ఉన్న కోట చంద్రగిరి. కొండపైది ఎగువకోట, అడుగున ఉన్నది దిగువకోట. క్రీ.శ. 1000 ప్రాంతంలో ఇమ్మడి నరసింహ యాదవరాయలు దీన్ని కట్టించాడని స్థలచరిత్ర చెబుతుంది. 14వ శతాబ్దంలో విజయనగర రాజుల చేతికి వచ్చింది.

కోట దశ తిరిగింది సాళువ నరసింహుడి కాలంలో. 1485లో విజయనగర సింహాసనం ఎక్కకముందు ఆయన బలమంతా ఇక్కడే. తిరుమల యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలను నెలకొల్పి, వాటి నిర్వహణను కందాడై రామానుజయ్యంగారికి అప్పగించాడు. శ్రీకృష్ణదేవరాయలు తన తమ్ముడు అచ్యుతరాయలను ఈ కోటలోనే నిర్బంధంలో ఉంచి, చివరికి ఆయననే వారసుడిగా ఎంచుకున్నాడు. 1529లో అచ్యుతుడు ఇక్కణ్ణుంచే రాజ్యానికి వెళ్లాడు.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత రాజధాని పెనుకొండకు, అక్కణ్ణుంచి రెండో వెంకటపతిరాయల కాలంలో చంద్రగిరికి మారింది. 1598లో జెస్యూట్ మతగురువులు ఆయన ఆస్థానానికి వచ్చారు. తిరుమలలో నైవేద్యం గంట మోగితే దారి పొడవునా గంటలు అందుకుని కోటకు కబురు చేర్చేవని, అప్పుడే రాయలు భోజనానికి కూర్చునేవాడని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. ఆయన రాగి విగ్రహం నేటికీ తిరుమల ఆలయంలో ఉంది.

ఇప్పుడు చంద్రగిరి పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది మద్రాసు. 1639లో ఆ తీరంలో కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఫ్రాన్సిస్ డేకి అనుమతి దొరికింది. ఆ పత్రం ఈ కోటలోని రాజమహల్లోనే రాశారన్నది ప్రచారంలో ఉన్న మాట. నిజానికి ఆ వ్యవహారం నడిపింది తీరప్రాంతాన్ని ఏలుతున్న దామెర్ల వెంకటాద్రి నాయకుడు. శతాబ్దాల పాటు తిరుమల కొండకు అండగా నిలిచిన కోటను ఒక్క కాగితంతో గుర్తుపెట్టుకోవడం అన్యాయం.

1646లో గోల్కొండ సేనలు, 1782లో హైదరాలీ కోటను పట్టుకున్నారు. 1792 దాకా మైసూరు ఏలుబడిలో ఉండి, ఆ తర్వాత ప్రాధాన్యం కోల్పోయింది.

దిగువకోట గోడ పెద్ద పెద్ద గండశిలలు పేర్చి కట్టినది, చుట్టూ కందకం. లోపల మూడంతస్తుల రాజమహల్ చెక్కుచెదరకుండా ఉంది. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు, కలప వాడలేదు. బరువంతా స్తంభాలు, కమానులే మోస్తాయి. నడుమ దర్బారు హాలు, నెత్తిన గుడి శిఖరాల్లాంటి గోపురాలు. పక్కనే రెండంతస్తుల రాణిమహల్ ఉంది. పేరు అలా ఉన్నా, కింది అంతస్తు గుర్రపుశాలై ఉండవచ్చని ఒక అభిప్రాయం. రాజమహల్లో ఇప్పుడు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ప్రదర్శనశాల నడుస్తోంది.