గోడ మీది నినాదానికి ముందు ఒక పాఠం

మత్తుపదార్థాల కట్టడికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఈగల్ విభాగాన్ని ఏర్పాటు చేసింది. 1972 అనే ఫోన్ నంబరిచ్చి, ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అని ప్రచారం చేస్తోంది. చిత్తూరు జిల్లా పెద్దపంజాణి కుర్రాడి సెల్‌ఫోనుకు ఆ మాట చేరడం కష్టమేమీ కాదు. చేరినంత మాత్రాన అలవాటు మానతాడా?

అమెరికా ఈ ప్రశ్నకు జవాబు చూసింది. 1998 నుంచి 2004 దాకా వంద కోట్ల డాలర్లకు దగ్గరగా ఖర్చుపెట్టి పిల్లలకు ప్రకటనలు చూపించింది. ప్రకటనలు గుర్తున్నాయన్న పిల్లలు చాలామందే. గంజాయి వాడకం మాత్రం వాటివల్ల తగ్గలేదని ప్రభుత్వం చేయించిన అధ్యయనమే తేల్చింది.

మన దగ్గర ప్రచారం పనిచేసిన కథ నెల్లూరు జిల్లాలో పుట్టింది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులవి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుంటూ ‘సీతమ్మ కథ’ చదివారు. సారా వల్ల ఒక ఇల్లాలు పడ్డ అగచాట్ల కథ అది. ఆ సీతమ్మ వాళ్లకు కొత్త మనిషి కాదు. కలిగిరి మండలం దూబగుంటలో చదువు కాస్తా చర్చయింది, చర్చ వీధికెక్కింది. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడి ఊళ్లోకి సారా రానివ్వలేదు. ఆ పోరాటమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. నా దృష్టిలో అసలు బలం అక్కడుంది: చదివినవాళ్లే తర్వాతి పాఠానికి కథ ఇచ్చారు. 1992లో ‘ఈనాడు’ పత్రిక ‘సారాపై సమరం’ పేరుతో ఆ వార్తలకు చోటిచ్చింది. సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది.

1997లో దాన్ని సడలించారు. సరిహద్దు దాటొచ్చే సరుకును ఆపలేకపోవడం అందుకో కారణం; పక్క రాష్ట్రం నుంచి అది ఎలా వస్తుందో మన జిల్లా పడమటి మండలాలవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

అయితే ఆ ఉద్యమం నెల్లూరులో ఇంకోటి మిగిల్చింది. సారా మానిపించిన ఆడవాళ్లే రోజుకో రూపాయి చొప్పున దాచుకుని ‘పొదుపు లక్ష్మి’ సంఘాలు పెట్టుకున్నారు. అలాంటి సంఘాలు ఇప్పుడు ఊరూరా ఉన్నాయి. కాకపోతే అప్పటికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది: తాగొచ్చిన మొగుడి సంగతి వీధంతా ఎరుగును; గంజాయి తాగే కొడుకు సంగతి తల్లికే ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసినా పరువుకు భయపడి కడుపులో దాచుకుంటుంది. సంఘంలో అప్పు వాయిదాల లెక్క తేలాక, ఆ తల్లిని కాసేపు కూర్చోబెట్టి మాట్లాడనిస్తే బాగుంటుంది. ఈ కాలపు పాఠానికి కావలసిన కథ ఆమె దగ్గరే ఉంది.