ఊళ్ళు కదల్లేదు, ఎయిర్‌పోర్టులు కదిలాయి

హైదరాబాదు నుంచి బెంగుళూరుకి విమానంలో ఎంత దూరం? దీనికి 2008కి ముందు ఒక జవాబు, తర్వాత ఇంకో జవాబు.

2008 మార్చి 23న బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి వెళ్ళిపోయాయి. రెండు నెలలు తిరిగేసరికి, మే 24న, బెంగుళూరులో హెచ్ఏఎల్ ఎయిర్‌పోర్టు విమానాలు దేవనహళ్ళికి మారాయి. శంషాబాద్ మన ఊరికి దక్షిణాన, దేవనహళ్ళి వాళ్ళ ఊరికి ఉత్తరాన. అంటే రెండూ ఒకదాని వైపు ఒకటి జరిగాయన్నమాట!

అక్షాంశాలు, రేఖాంశాలు పెట్టి లెక్కేశాను. బేగంపేట నుంచి హెచ్ఏఎల్‌కి సుమారు 505 కి.మీ. శంషాబాద్ నుంచి దేవనహళ్ళికి సుమారు 455. గాల్లో 50 కి.మీ. తగ్గింది. జెట్ విమానానికి అది నాలుగు నిమిషాల పని. మరి ఆ 50 ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు, రెండు ముక్కలై మన నెత్తిన పడింది, అదీ ట్రాఫిక్‌లో.

కాస్త వెనక్కి వెళదాం. బేగంపేట 1930ల్లో, నిజాం కాలంలో వచ్చింది. 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కి అదే ఇల్లు, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయేదాకా. వాళ్ళ డకోటాల వేగం గంటకి 300 కి.మీ. అటూ ఇటూ. ఆ లెక్కన 505 కి.మీ. అంటే గంటన్నర దాటుతుంది. ఇప్పటి జెట్‌కి గాల్లో గంట కూడా పట్టదు. డకోటా నుంచి జెట్ దాకా వచ్చి మిగుల్చుకున్న సమయాన్ని రెండు చివర్లా రోడ్డుకి కట్టేశామని నా లెక్క.

బేగంపేట చుట్టూ ఊరు కమ్మేసింది, పెంచడానికి చోటు లేదు, నిజమే. శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు, అంత బేగంపేటలో ఎక్కడ పడుతుంది? కానీ కొత్తది కట్టడం వేరు, పాతది మూయడం వేరు. 150 కి.మీ. లోపు పోటీ ఉండకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు. 2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మె చేసినా మూత ఆగలేదు. చిన్న విమానాలకైనా బేగంపేటని ఉంచాల్సిందని నా అభిప్రాయం.

తర్వాత రోడ్లొచ్చాయి. గచ్చిబౌలి వైపు ఔటర్ రింగ్ రోడ్డు 2008లో, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్‌కి 11.6 కి.మీ. ఎక్స్‌ప్రెస్‌వే 2009లో. మన ఐటీ వాళ్ళ బాధ చాలావరకు తీరింది. సికింద్రాబాద్, సైనిక్‌పురి వాళ్ళకి ఆ రెండూ దారిలో పడవు.

2023 సెప్టెంబరులో కాచిగూడ నుంచి యశ్వంత్‌పూర్‌కి వందేభారత్ మొదలైంది, ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. విమానమే నయం, సందేహం లేదు. కాకపోతే టికెట్ మీద రాసే గంటా పావు ఎయిర్‌పోర్టుల మధ్య లెక్క. మీ గుమ్మం నుంచి అవతలి గుమ్మం దాకా ఎంతవుతుందో ఈసారి గడియారం పెట్టి చూడండి.