గ్రామకంఠంలో ఇల్లు

పల్లెలో ఇంటికి అప్పు పుట్టకపోవడానికి కారణం బ్యాంకులు లేకపోవడమేనని సాధారణంగా అనుకుంటాం. అది సగమే నిజం.

1951-52 నాటి అఖిల భారత గ్రామీణ రుణ సర్వే ప్రకారం రైతుల అప్పులో దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులదే. సహకార సంఘాల వాటా 3 శాతం. వాణిజ్య బ్యాంకులది ఒక శాతమైనా లేదు. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, 1975లో గ్రామీణ బ్యాంకుల స్థాపన జరిగాక శాఖలు పల్లెలకు చేరాయి. పంటకు అప్పు దొరికింది. మరి ఇంటికి?

చిక్కంతా గ్రామకంఠంలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ రైత్వారీ సర్వేల లక్ష్యం శిస్తు. శిస్తు కట్టే పొలానికి కొలత, నంబరు, పట్టా దక్కాయి. శిస్తు లేని నివేశన స్థలాన్ని ఒకే ముక్కగా చూపి, గ్రామకంఠమని రాసి వదిలేశారు. అందులో ఎవరి హద్దు ఎంతవరకో రెవెన్యూ రికార్డుకు తెలియదు. తరతరాలుగా కాపురమున్న మండువా లోగిలికి సైతం, చాలామంది చూపగలిగింది పంచాయతీ ఇంటిపన్ను రసీదే. అది హక్కుపత్రం కాదు గనుక తాకట్టుకు చెల్లదు. పన్నుకు పనికొచ్చిన ఇల్లు అప్పుకు పనికిరాలేదన్నమాట!

అందుకే పొలం కుదువబెట్టి గోడలు లేపినవారూ, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రాంసరీ నోటు రాసినవారూ ఎందరో. నెలకు రెండంటే ఏడాదికి 24 శాతం.

2020 ఏప్రిల్ 24న కేంద్రం ప్రారంభించిన స్వామిత్వ పథకం ఊళ్లలోని ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి, ఆస్తి కార్డులివ్వడానికి పూనుకొంది. ఆ కార్డుపై బ్యాంకు రుణం దొరకాలన్నది దాని ఉద్దేశాల్లో ఒకటి. అన్నదమ్ముల పంపకాలు కాగితమెక్కని ఇళ్ల సంగతి మాత్రం వేరే చెప్పుకోవాలి.