మదరాసు మ్యూజియం సందర్శకులు: చూపు, పోలిక, జ్ఞానం

మ్యూజియంల చరిత్ర చాలవరకు సేకరణల చరిత్రగానే సాగింది. వస్తువు ఎప్పుడు, ఎవరి ద్వారా చేరిందో దస్త్రాలు చెబుతాయి. దాని ముందు నిలిచిన సందర్శకుడు ఏమి గ్రహించాడో అవి అరుదుగా చెబుతాయి. ఈ లోటును పరిశీలించడానికి 19వ శతాబ్దపు మదరాసు మ్యూజియం తగిన ఉదాహరణ.

ఈ సంస్థ 1851లో ఎడ్వర్డ్ బాల్ఫర్ బాధ్యతలో, సెయింట్ జార్జి కోట కళాశాల భవనంలో ఆరంభమై, 1854లో పాంథియన్ ఆవరణకు తరలింది. 1855లో అక్కడే జంతు ప్రదర్శనశాల ఏర్పడింది. అనంతరం అది పీపుల్స్ పార్కుకు మారింది. నగర ప్రజలు తమిళంలో మ్యూజియంను ‘సెత్త కాలేజ్’ అని, జంతుశాలను ‘ఉయిర్ కాలేజ్’ అని పిలిచారు. అంటే చచ్చిన కాలేజీ, ప్రాణమున్న కాలేజీ. ‘కాలేజీ’ అనే మాట తొలి భవనం నుంచి సంక్రమించినదే కనుక, దానిని విద్యాభిలాషకు సాక్ష్యంగా భావించరాదు. అయితే చావు, ప్రాణం అనే విభజన మాత్రం సందర్శకుల సొంత వర్గీకరణ.

1885లో సూపరింటెండెంటైన ఎడ్గార్ థర్‌స్టన్ దృష్టి వేరు. సందర్శకులలో అత్యధికులకు మ్యూజియం తమాషా ఇల్లేనని, వారు క్రమబద్ధమైన గ్యాలరీలను వేగంగా దాటి దేశీయ బొమ్మల వద్ద, రంగులద్దిన పండ్ల నమూనాల వద్ద చాలాసేపు నిలుస్తున్నారని ఆయన పేర్కొన్నాడు.

ఈ పరిశీలనను, దానిపై ఆయన ఇచ్చిన తీర్పును వేరుచేసి చూడాలి. శాస్త్రీయ వర్గీకరణ సూత్రం ఎరిగినవారికే గ్యాలరీల వరుస అర్థవంతమవుతుంది. పండు నమూనా విషయంలో అలా కాదు. అసలు పండును ఎరిగినవాడు నకలులోని నైపుణ్యాన్ని తూచగలడు. బొమ్మల కొలువుకు అలవాటుపడిన కన్ను మనుషుల రూపాలలో వేషాన్ని, వృత్తిని గుర్తించగలదు. కాబట్టి ఆ ఆగడంలో పోలిక ద్వారా సాగే పరీక్ష ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేము.

సందర్శకుని పూర్వానుభవం, తోడు వచ్చినవారు, భౌతిక పరిసరం కలిసి మ్యూజియం అనుభవాన్ని రూపొందిస్తాయని 1992లో జాన్ ఫాక్, లిన్ డియర్కింగ్ ప్రతిపాదించారు. ఈ వెలుగులో థర్‌స్టన్ వ్యాఖ్య ప్రజల అజ్ఞానానికి నిదర్శనం కాదు. ప్రదర్శన క్రమానికి, ప్రేక్షకుల పూర్వజ్ఞానానికి మధ్య ఏర్పడిన ఎడానికి అది ఆధారం. పాలకుల ఫిర్యాదులను ఈ రీతిలో తిరిగి చదివినప్పుడే, రాతలు మిగల్చని సందర్శకులకు మ్యూజియం చరిత్రలో స్థానం లభిస్తుంది.